మూడేళ్లకి 9,000 పెంపు అంటే చేతికి ఎంత? సెటిల్‌మెంట్ కాగితం ఎలా చదవాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా: శ్రీసిటీ దగ్గర ఆటో పార్ట్స్ ఫ్యాక్టరీ, పర్మనెంట్ వాళ్లు నాలుగొందల చిల్లర, ట్రైనీలు కాంట్రాక్ట్ వాళ్లు కలిపి అంతకు రెట్టింపు, నీ గ్రాస్ (కోతలకి ముందు నెల జీతం) 19,500, అందులో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 10,000. మేనేజ్‌మెంట్ మూడేళ్లకి కలిపి నెల జీతంలో 9,000 పెంచుతామంటోంది, మొదటి ఏడు 4,500, తర్వాత రెండేళ్లు 2,250 చొప్పున. సంతకం మాత్రం వాళ్లు వేసిన వర్కర్స్ కమిటీతోనే, యూనియన్ పెడితే కంపెనీ వెళ్లిపోతుంది అని హెచ్ఆర్ అంటున్నాడు, సీనియర్లేమో చేతికి మూడు వేలు వస్తే గొప్ప అంటున్నారు, ఎవరిది నిజం అని.

సీనియర్లదే నిజం, ఎందుకో లెక్కేసి చూపిస్తా. నేను పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు చేశా, అందులో సగం పైన యూనియన్ కమిటీలోనే గడిచింది, రిటైర్ అయ్యాక చుట్టుపక్కల చిన్న యూనియన్లు అగ్రిమెంట్ డ్రాఫ్ట్ తెచ్చి చూపిస్తే చూసి పెడుతుంటా. ఇన్నేళ్లలో గమనించింది ఏంటంటే కుర్రాళ్లు ఎంత పెరిగింది అని అడుగుతారు, హెచ్ఆర్ వాడు మాత్రం ఎక్కడ పెంచాలి, ఎప్పటి నుంచి పెంచాలి, బదులుగా ఏం తీసుకోవాలి అని ఆలోచిస్తాడు. అంకె దగ్గర మనం గెలిచామనుకుంటాం, మిగతా మూడింట్లో వాడు గెలుచుకుపోతాడు.

ముందు నీ 4,500 సంగతి. ఆఫర్ లెటర్లో "సీటీసీ ప్రాతిపదికన" అని ఎక్కడైనా ఉందేమో చూడు, దాదాపు ఖాయంగా ఉంటుంది. అంటే కంపెనీకి నీ మీద పెరిగే ఖర్చు 4,500, నీకు పెరిగేది కాదు. అందులోంచి క్యాంటీన్, బస్సు ఖర్చు పెరిగిందని ఒక 500 పక్కన పెట్టారనుకో, మిగిలింది 4,000. అది మొత్తం బేసిక్‌లో వేస్తే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చేది) పక్కన పెట్టే 4.81 శాతం కూడా ఆ 4,000 లోంచే రావాలి, అంటే బేసిక్‌లో పడేది 3,424. దాంట్లో నీ వాటా పీఎఫ్ 411 పోతే చేతికి 3,013. ఇదే మీ సీనియర్లు చెప్పే మూడు వేలు. క్యాంటీన్ కోత ఇంకాస్త ఎక్కువుంటే అదీ రాదు.

ఇప్పుడు హెచ్ఆర్ ఏమంటాడంటే, "ఎందుకు బాబూ ఈ గోల, మొత్తం స్పెషల్ అలవెన్స్‌లో వేసేస్తా, పీఎఫ్ కోత ఉండదు, 4,000 పూర్తిగా చేతికొస్తుంది" అంటాడు. గేట్ మీటింగ్‌లో ఈ మాట చెప్తే చప్పట్లు కొడతారు, ఈఎంఐలు ఉన్న కుర్రాళ్లు అయితే మరీ. నేను తప్పు పట్టను, నెలాఖరు కష్టం నెలాఖరుదే. కానీ లెక్క పూర్తిగా చూడు. బేసిక్‌లో వేస్తే నీ 411కి కంపెనీ 411 కలిసి నెలకి 822 నీ పేరు మీద పీఎఫ్‌లో, పీఎఫ్ పెన్షన్‌లో చేరుతుంది. గ్రాట్యుటీ ఆఖరి జీతం మీద, ఏడాదికి 15 రోజుల లెక్క, 26తో భాగించి కడతారు, కాబట్టి ఆ 3,424 ఇరవై ఏళ్ల సర్వీసుకి దాదాపు 39,500 అవుతుంది. ఇంకోటి ఓటీ, అంటే ఓవర్‌టైమ్. చట్టం ప్రకారం ఓటీకి డబుల్ రేట్, చాలా ఫ్యాక్టరీల్లో ఆ డబుల్ బేసిక్ డీఏ మీదే వేస్తారు. 3,424ని 26 రోజులు 8 గంటలకి పంచితే గంటకి 16 రూపాయల 46 పైసలు, డబుల్ అంటే 33 దగ్గర. నెలకి 40 గంటలు ఓటీ చేసేవాడికి ఇదొక్కటే 1,300 పైన. అంటే అలవెన్స్‌లో వేస్తే ఎక్కువ వచ్చిందనుకున్న ఆ వెయ్యి రూపాయలు ఓటీలోనే తిరిగి వచ్చేస్తాయి, పీఎఫ్ గ్రాట్యుటీ అదనం. ఓటీ లేని డిపార్ట్‌మెంట్ వాళ్ల లెక్క వేరు, స్టోర్స్, క్వాలిటీ వాళ్లు ఈ మాట ఒప్పుకోరు, వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడాలి, లేకపోతే మీలో మీకే చీలిక వస్తుంది, మేనేజ్‌మెంట్‌కి కావాల్సింది కూడా అదే.

పైగా పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అంటే ఏంటో కొత్తగా రాశారు: హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) లాంటి మినహాయింపు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కేయాలి. నీకు ఇప్పుడు 19,500లో 10,000 బేసిక్ డీఏ, సగానికి కాస్త పైనే. పెంపంతా అలవెన్స్‌లో పడితే 23,500లో 10,000, సగానికి బాగా కిందకి. అప్పుడు వాళ్లే చిక్కులో పడతారు. కాబట్టి "అలవెన్స్‌లో వేస్తే మీకే లాభం" అన్న పాత పాట ఇప్పుడు అంత తేలిక కాదు, టేబుల్ దగ్గర ఈ పాయింట్ తీయండి. పెంపులో కనీసం మూడింట రెండు వంతులు బేసిక్ డీఏలో పడాలి అని మా వాళ్లకి నేను చెప్తుంటా, అది నా అభిప్రాయం, చట్టంలో అలా ఏమీ లేదు.

ఇక ధరలు. ఏడాదికి 5 శాతం చొప్పున ధరలు పెరిగాయనుకుంటే ఈరోజు 19,500తో కొనేవి మూడేళ్ల తర్వాత కొనడానికి 22,574 కావాలి. అంటే 9,000లో మూడు వేల పైన ఉన్నచోట నిలబడడానికే సరిపోతుంది. అందుకే పాత యూనియన్లు వీడీఏ కోసం అంత పట్టుపట్టేవి. వీడీఏ అంటే సిమ్లాలో ఉన్న లేబర్ బ్యూరో ప్రతి నెలా ఇచ్చే కార్మికుల ధరల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే పాయింట్‌కి ఇన్ని రూపాయలు అని అగ్రిమెంట్లో రాసుకోవడం. కొత్త ఫ్యాక్టరీల్లో చాలా చోట్ల వీడీఏ పెట్టరు, "అన్నీ కలిపే ఇచ్చేశాం" అంటారు. మీ కాగితంలో వీడీఏ ఉందో లేదో చూడు, ఉంటే ఏ బేస్ సూచీ మీద అన్నది కూడా చూడు, ఎందుకంటే ఇప్పటి సూచీకి బేస్ ఇయర్ 2016, పాతది 2001, పాత సూచీలో 2.88 పాయింట్లు కొత్తదాంట్లో ఒక పాయింట్‌తో సమానం. పాత రేటే ఉంచేసి కొత్త సూచీ పెట్టారంటే మీ డీఏ మూడో వంతుకి పడిపోయినట్టే, ఒకచోట డ్రాఫ్ట్‌లో అచ్చం ఇలాగే రాసి తెచ్చారు, టైపింగ్ మిస్టేక్ అన్నారు, సరే అన్నాం దిద్దించుకున్నాం.

ఎప్పటి నుంచి అన్నది ఇంకో పెద్ద సంగతి. మీ పాత అగ్రిమెంట్ ఎప్పుడు అయిపోయింది? కొత్తది ఆ మర్నాటి నుంచి లెక్కా, సంతకం పెట్టిన రోజు నుంచా? చర్చలు పది నెలలు సాగదీసి సంతకం రోజు నుంచి అంటే పది నెలల పెంపు వాళ్లకి మిగిలినట్టే. స్టీల్‌లో చూడు, పెద్ద పెద్ద యూనియన్లన్నీ ఒకే టేబుల్ మీద కూర్చునే ఎన్‌జేసీఎస్ అనే ఉమ్మడి కమిటీ ఉంది, 2017 జనవరి నుంచి రావాల్సిన వేతన సవరణకి 2021 అక్టోబర్లో గానీ ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదరలేదు, అదీ అన్ని యూనియన్లూ సంతకం పెట్టకుండానే, 39 నెలల ఎరియర్స్ (బకాయిల) గొడవ అలాగే మిగిలింది. సెయిల్ లాంటి ప్రభుత్వ స్టీల్ కంపెనీలోనే ఇలా ఉంటే మన పరిస్థితి ఊహించుకో. అందుకే కాలపరిమితి వాక్యం ఒకటికి రెండుసార్లు చదువు.

బదులుగా ఏం తీసుకుంటున్నారు అన్నది ఎవరూ చదవరు, అసలు డబ్బు అక్కడే ఉంటుంది. ఆఖరి పేజీల్లో "ఉత్పాదకత" అనో "పరస్పర సహకారం" అనో ఒక హెడ్డింగ్ ఉంటుంది. ఉదాహరణకి ఒక లైన్లో షిఫ్ట్‌కి 420 పీసులు వస్తున్నాయి, ఆపరేటర్ మీద రోజు ఖర్చు 1,000 అనుకో, పీసుకి కూలి 2 రూపాయల 38 పైసలు. అగ్రిమెంట్లో ఖర్చు 15 శాతం పెంచి 1,150 చేసి, షిఫ్ట్‌కి 480 తీయాలి అని రాశారు. అప్పుడు పీసుకి 2 రూపాయల 40 పైసలు. అంటే కంపెనీ జేబులోంచి పోయింది పీసుకి రెండు పైసలు, మిగతాదంతా నువ్వు ఎక్కువ పీసులు తీసి నీకు నువ్వే ఇచ్చుకున్న జీతం. ఇది అన్యాయం అని నేను అనను, కొత్త మెషిన్ పెట్టి 480 వస్తే ఇవ్వాల్సిందే, కస్టమర్ ఏటా రేటు తగ్గించమని వాళ్ల మెడ మీద కూర్చుంటాడు, అదీ నిజమే. కానీ మెషిన్ మారకుండా, మనిషి తగ్గి, టీ బ్రేక్ కుదించి 480 అంటే అది నీ నడుము లోంచి వచ్చే డబ్బు. ఆ అంకె ఎలా వచ్చింది, టైమ్ స్టడీ (పీసుకి ఎంత టైమ్ పడుతుందో కొలవడం) ఎవరు చేశారు, స్టడీ రోజు లైన్ మీద ఎవరిని నిలబెట్టారు (బాగా స్పీడున్న కుర్రాడినే పెడతారు), పార్ట్ లేక లైన్ ఆగితే ఆ టైమ్ ఎవరి ఖాతాలో, ఇవి అడగండి. మా దగ్గర ఒకసారి "వృధా సమయం మినహాయించి" అన్న మూడు పదాలు చేర్పించడానికి రాత్రి పదకొండు దాకా లేబర్ ఆఫీసులో కూర్చున్నాం, అటెండర్ వచ్చి తాళం వేయాలి సార్ అని రెండుసార్లు గుర్తుచేశాడు. తర్వాత ఏడాది కరెంట్ కోతలు వచ్చాయి, ఆ మూడు పదాలే మా ఇన్‌సెంటివ్‌ని (ఉత్పత్తిని బట్టి ఇచ్చే అదనపు డబ్బుని) కాపాడాయి.

ఇన్‌సెంటివ్ అంటే గుర్తొచ్చింది, మీకు పక్కనే శ్రీపెరుంబుదూర్లో శాంసంగ్ సమ్మె జరిగింది కదా, 2024 సెప్టెంబర్ 9న మొదలై అక్టోబర్ 15న ముగిసింది. మధ్యలో అక్టోబర్ మొదటి వారంలో కంపెనీ సమ్మెలో లేని ఒక వర్గం కార్మికులతో ఎంఓయూ చేసుకుని నెలకి 5,000 ఇన్‌సెంటివ్ ప్రకటించింది, అదీ అక్టోబర్ నుంచి మార్చి దాకా మాత్రమే. గమనించావా, అంకె పెద్దది, పేరు ఇన్‌సెంటివ్, ఆరు నెలల్లో అయిపోతుంది, సంతకం యూనియన్ది కాదు. సమ్మెలో ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. యూనియన్ పేరులో శాంసంగ్ అని ఉండకూడదని కంపెనీ అభ్యంతరం పెడితే అది హైకోర్టు దాకా వెళ్లింది, చివరికి 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది, మే నెలలో మూడేళ్ల వేతన ఒప్పందం కుదిరింది, నెల జీతం మీద మూడేళ్లలో 18,000 పెంపు, మొదటి ఏడు 9,000, తర్వాత 4,500 చొప్పున. మీ 9,000 వాళ్లకి మొదటి ఏడాదే వచ్చింది. శాంసంగ్ వేరు, మీ కంపెనీ వేరు, విడిభాగాలు చేసేవాడి దగ్గర అంత మార్జిన్ ఉండదు, అది కూడా మనసులో పెట్టుకో, గేట్ దగ్గర "వాళ్లకి పద్దెనిమిది మాకు తొమ్మిదా" అని నినాదం ఇస్తే బాగుంటుంది గానీ టేబుల్ మీద నిలబడదు.

ఇప్పుడు కమిటీ సంగతి. వర్క్స్ కమిటీ చట్టంలో ఉన్నదే, వంద మంది పైన ఉన్న ఫ్యాక్టరీలో ప్రభుత్వం ఆదేశిస్తే పెట్టాలి, కానీ దాని పని క్యాంటీన్, మంచినీళ్లు, లైటింగ్, సేఫ్టీ లాంటి రోజువారీ విషయాలు చూడడం. జీతాల బేరం దాని పని కాదు, యూనియన్ స్థానంలోకి అది రాకూడదని సుప్రీంకోర్టు 1960లోనే నార్త్‌బ్రూక్ జూట్ కేసులో చెప్పింది. కమిటీలో ఉన్నవాళ్లు మంచోళ్లే అయ్యుండొచ్చు, కానీ రేపు ట్రాన్స్‌ఫర్ అన్నా చార్జ్‌షీట్ (కంపెనీ ఇచ్చే ఆరోపణల నోటీసు) అన్నా వాళ్ల వెనక ఎవరుంటారు? యూనియన్ నాయకుల్లో కొంతమందికి, వర్కర్లలో ఒక శాతం, తక్కువలో తక్కువ ఐదుగురికి, ప్రొటెక్టెడ్ వర్క్‌మన్ అని రక్షణ ఉంటుంది, కేసు నడుస్తున్నప్పుడు అనుమతి లేకుండా వాళ్లని తీసేయడానికి లేదు. కమిటీ వాళ్లకి అది రాదు.

సంతకం ఎక్కడ పెడుతున్నారు అన్నది ఇంకా ముఖ్యం. మనవాళ్లు ఇప్పటికీ పాత పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ నంబర్లతోనే పిలుస్తారు, 18(1) అగ్రిమెంట్, 12(3) అగ్రిమెంట్ అని. 18(1) అంటే బయట కూర్చుని రెండు పక్షాలు రాసుకున్నది, సంతకం పెట్టినవాళ్ల మీదే చెల్లుతుంది, అందుకే హెచ్ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ క్యాబిన్లోకి పిలిచి సంతకం చేయిస్తుంటారు. 12(3) అంటే లేబర్ ఆఫీసర్ ముందు కన్సిలియేషన్లో (రాజీ చర్చల్లో) కుదిరింది, అది ఫ్యాక్టరీలో అందరికీ, తర్వాత చేరేవాళ్లకి కూడా వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో నంబర్లు మారాయి గానీ తేడా అదే. ఎవడైనా క్యాబిన్లోకి పిలిచి "ఇది మామూలు ఫార్మాలిటీ" అంటే కాపీ ఇవ్వండి సార్ ఇంటికెళ్లి చదువుకుని రేపు పెడతా అను, అంతే, గొడవ పడక్కర్లేదు.

కొత్త కోడ్‌లో యూనియన్‌కి ఒక విధంగా మేలు, ఒక విధంగా ముప్పు. ఒకటే యూనియన్ ఉంటే దాంతోనే, ఎక్కువ ఉంటే 51 శాతం మద్దతున్న దాంతోనే మేనేజ్‌మెంట్ మాట్లాడాలి, ఎవరికీ 51 లేకపోతే 20 శాతం మద్దతుకి ఒక ప్రతినిధి చొప్పున యూనియన్లన్నీ కలిసి కూర్చునే చర్చల కౌన్సిల్. మీ నాలుగొందల మంది మూడు జెండాల కింద చీలితే ఆ కౌన్సిల్లో వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు, కాబట్టి ముందు ఒక్కటిగా ఉండండి, ఏ జెండా అన్నది తర్వాత. బయటి నాయకులు వచ్చి కంపెనీ మూయిస్తారు అన్న భయానికి సమాధానం కూడా చట్టంలోనే ఉంది, ఆఫీస్ బేరర్లలో బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. మిగతావాళ్లంతా మీరే. మంచి బయటి నాయకుడు ఒక్కడుంటే చాలు, బ్యాలెన్స్ షీట్ చదవగలిగినవాడు, మేనేజ్‌మెంట్‌తో బిర్యానీ తిననివాడు.

సమ్మె మాటకొస్తే ఇప్పుడు నిబంధనలు బిగించారు. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కన్సిలియేషన్ నడుస్తున్నప్పుడు, అది ముగిశాక ఏడు రోజులు చేయకూడదు, సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. నోటీసు లేకుండా పది మంది కూడబలుక్కుని మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలు పాత రోజుల నుంచీ ఉంది. వాట్సాప్ గ్రూపులో ఎవడో "రేపు ఎవరూ లోపలికి పోవద్దు" అని పెడితే ఊరికే దూకకండి, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ మర్నాడు చార్జ్‌షీట్‌కి జత అయి వస్తుంది.

కంపెనీ వెళ్లిపోతుంది అన్నది సగం బెదిరింపు. కోట్లు పెట్టిన ప్రెస్‌లు, పెయింట్ షాప్ మూటగట్టుకుని పోవడం అంత సులువు కాదు. మిగతా సగం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2012లో ఏం జరిగిందో మన తరం మర్చిపోలేదు. జనవరి 27న యానాంలో రీజెన్సీ సిరామిక్స్ దగ్గర పోలీస్ లాఠీచార్జ్ తర్వాత యూనియన్ నాయకుడు చనిపోయాడు, అదే రోజు కోపంలో కంపెనీ ప్రెసిడెంట్‌ని కొట్టి చంపారు, ఫ్యాక్టరీ మూతపడింది, ఊరంతా వీధిన పడింది. అదే ఏడాది జూలై 18న మానేసర్ మారుతి ప్లాంట్‌లో జరిగిన గొడవలో హెచ్ఆర్ జనరల్ మేనేజర్ చనిపోయాడు, 546 మంది పర్మనెంట్ వాళ్లని తీసేశారు, 2017లో కోర్టు 31 మందిని దోషులంది, 13 మందికి యావజ్జీవం, 117 మంది నిర్దోషులుగా బయటికొచ్చారు, చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో ఉండి. రెండు చోట్లా ముందు నుంచీ నలుగుతున్నవి పర్మనెన్సీ, కాంట్రాక్ట్ వాళ్ల జీతం, కూర్చుని మాట్లాడే దారి సరిగా లేకపోవడం. నిజానికి తెలివైన మేనేజర్లకి గట్టి యూనియన్ ఒకటుంటేనే నిద్ర పడుతుంది, మాట్లాడ్డానికి ఒక మనిషంటూ ఉంటాడు.

కాంట్రాక్ట్ కుర్రాళ్ల గురించి నువ్వు ఒక్క లైన్లో అడిగి వదిలేశావు, నాకు మాత్రం మీ అగ్రిమెంట్లో అసలు బలహీనత అదే అనిపిస్తోంది. నాలుగొందల మంది ఆగితే మిగతా ఎనిమిదొందల మందితో లైన్ నడిపేస్తారు, అది వాళ్లకీ తెలుసు మీకూ తెలుసు. అదే మెషిన్ మీద అదే పని చేసే కాంట్రాక్ట్ మనిషికి పర్మనెంట్‌తో సమాన వేతనం ఇవ్వాలి అని 1970 నాటి పాత కాంట్రాక్ట్ లేబర్ చట్టం రూల్స్‌లో ఉండేది, అయినా అడిగేవాడు లేక అది కాగితం మీదే మిగిలింది, 2001లో సుప్రీంకోర్టు సెయిల్ కేసు తీర్పు తర్వాత కాంట్రాక్ట్ రద్దయినంత మాత్రాన పర్మనెంట్ అయిపోరు అని కూడా తేలిపోయింది. కాబట్టి పెద్ద మాటలు వద్దు, చార్టర్ ఆఫ్ డిమాండ్స్‌లో (మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే డిమాండ్ల పత్రంలో) చిన్నవి మూడు పెట్టండి: ట్రైనీని ఎన్ని నెలల తర్వాత పర్మనెంట్ చేస్తారో తేదీతో సహా రాయాలి, పర్మనెంట్ వాళ్ల సంఖ్య ఈ మూడేళ్లలో ఇంతకు తగ్గకూడదు, క్యాంటీన్, బస్సు, బూట్లు, యూనిఫాం అందరికీ ఒకటే. మూడోది మేనేజ్‌మెంట్ తేలిగ్గా ఒప్పుకుంటుంది, ఖర్చు తక్కువ. రెండోదానికి చచ్చినా ఒప్పుకోరు, కానీ అది అడిగితే మొదటిది ఇస్తారు.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతి చెప్పడం మర్చిపోయా. లిమిట్ 21,000, నీ గ్రాస్ 19,500, గ్రాస్ మీదే లెక్కేస్తే మొదటి ఏడాది పెంపుతోనే నువ్వు దాటిపోతావు. దాటిన వెంటనే పోదు, ఏప్రిల్-సెప్టెంబర్ లేదా అక్టోబర్-మార్చి, నడుస్తున్న ఆరు నెలల పీరియడ్ అయిపోయే దాకా కోత ఉంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నకి ఈఎస్ఐలో మందులు తీసుకుంటుంటే ఇది మూడు వేల కంటే పెద్ద విషయం. లిమిట్ దాటేవాళ్లకి కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్, తల్లిదండ్రులతో కలిపి, అని అగ్రిమెంట్లో రాయించండి, సీటీసీలోంచి కాకుండా. సంతకాలు ఎప్పుడో, పాత అగ్రిమెంట్ ఏ తేదీకి అయిపోయిందో రాయి, ఉత్పాదకత పేజీ ఫోటో కూడా కంపెనీ పేరు కొట్టేసి పెట్టు, చూసి చెప్తా.